మానసిక ఔషధముల దుష్ఫలితములు – మెదడును గురించి అవి నేర్పిన పాఠములు

మానసిక వ్యాధులకు ఔషధములు వాడేవారు మీ ఇంట ఉన్నా, మీరే వాడుతున్నా ఈ ఇబ్బందులు మీకు కొత్త కావు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు చేతిలోని కాఫీ గ్లాసు వణుకుతుంది. ముఖములో చిరునవ్వు కరువవుతుంది. కాళ్ళు ఒకచోట నిలువనీయవు. నోరు పిడచగట్టుకుపోతుంది. కొన్ని నెలలు గడిచేసరికి పాత బట్టలు పట్టవు. “ఈ మందు కంటె ఆ జబ్బే నయము” అని రోగి అంటాడు. “మందు మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుందేమో” అని ఇంటివారు భయపడతారు. ఈ రెండు మాటలలోనూ నిజము ఉన్నది.

ఈ దుష్ఫలితములు ఎందుకు కలుగుతాయో వెదుకుతూ పోయినందువలననే వైద్యశాస్త్రము మెదడు పనితీరును చాలావరకు తెలుసుకోగలిగింది. ఆ చరిత్రను మీకు చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము. దానికి ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

ఒక ప్రశ్న

నేను హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్న రోజులలో ఇరవై రెండేళ్ళ యువకుడిని వార్డులో చేర్చుకొన్నాము. అతనికి ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవి. హాలోపెరిడాల్ మొదలుపెట్టిన పది రోజులకు ఆ మాటలు తగ్గాయి. కాని అతను మంచము మీద కూర్చోవడము మానేశాడు. తెల్లవారినది మొదలు వార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. అన్నము కూడా నిలబడే తినేవాడు. నేను కేసు షీటులో ‘ఉద్రేకము పెరిగింది’ అని వ్రాసి మోతాదు పెంచాను. మరునాటికి అతని నడక ఇంకా ఎక్కువైంది.

రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరుగారు కేసు షీటు చూసి నన్ను ఏమీ అడగలేదు. ఆ యువకుడినే అడిగారు. “బాబూ, నీకు నడవాలని ఉందా, నడవక తప్పడం లేదా?” అతను ఏడ్చేశాడు. “నడవక తప్పడం లేదు సార్. కూర్చుంటే ఒళ్ళంతా పీకేస్తోంది” అన్నాడు. ఆయన మోతాదును సగానికి తగ్గించారు. నాలుగు రోజుల తర్వాత అతను మంచము మీద కూర్చొని భోజనము చేశాడు.

ఆ స్థితికి అకతీసియా అని పేరు. కూర్చోలేకపోవడము అని ఆ గ్రీకు మాటకు అర్థము. ఆ పేరును 1901లో ప్రాగ్ నగర వైద్యుడు లాడిస్లావ్ హాష్కొవెట్స్ పెట్టాడు. అప్పటికి ఈ మందులు పుట్టనే లేదు. ఔషధము వలన కలిగిన బాధను నేను వ్యాధిగా చదివాను. ఆ తప్పు నేనొక్కడినే చేయలేదు. అయితే అటువంటి బాధలను శ్రద్ధగా గమనించిన వారు కూడా ఉన్నారు. మనకు ఈనాడు ఉన్న జ్ఞానము వారి వలన వచ్చినదే.

సర్పగంధి నుంచి రిసర్పిన్ వరకు

ఈ కథ మన దేశపు మొక్కతో మొదలవుతుంది. సర్పగంధి వేరును ఉత్తర భారతములో పిచ్చి మందు అనే పేరుతోనే చాలాకాలము వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు ఉన్మాదమునకు, అధిక రక్తపుపోటునకు పనిచేస్తుందని వ్రాశారు. అదే ఏడు ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి కొన్ని క్షారములను వేరుచేసి, వాటిలో ఒకదానికి హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని నామకరణము చేశాడు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుమ్ జాల్ వకీల్ రక్తపుపోటు రోగులలో ఈ వేరు ఫలితములను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచము దృష్టి దీని మీద పడింది. 1952లో స్విట్జర్లండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దీని నుంచి రిసర్పిన్ అనే పదార్థమును విడదీశారు. రెండేళ్ళకు అమెరికాలో నేథన్ క్లైన్ మానసిక రోగులలో దీని ఫలితములను వెల్లడించాడు.

రిసర్పిన్ రోగులను శాంతపరిచింది, రక్తపుపోటును తగ్గించింది. దానితోపాటు కొందరికి చేతులు వణికాయి, కండరములు బిగుసుకుపోయాయి, నడక నెమ్మదించింది. చూడడానికి అచ్చముగా పార్కిన్సన్ వ్యాధిలా, అంటే మనము కంపవాతము అనే జబ్బులా ఉండేది. మోతాదు తగ్గిస్తే ఆ లక్షణములు పోయేవి.

ఇంచుమించు అదే సమయములో ఫ్రాన్సు దేశములో మరొక ఔషధము వచ్చింది. 1950 డిసెంబరులో పాల్ షార్పెంటియే తయారుచేసిన క్లోర్‌ప్రోమజీన్‌ను ఆంరీ లాబొరీ అనే శస్త్రవైద్యుడు మత్తుమందుకు తోడుగా వాడి, అది రోగులను వింత ప్రశాంతతలో ఉంచుతున్నదని గమనించాడు. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియేర్ డెనికేర్ దానిని ఉన్మాద రోగులలో వాడి మంచి ఫలితములు చూశారు. సర్పగంధికీ దీనికీ రసాయన నిర్మాణములో పోలిక లేదు. అయినా 1954లో లోజాన్ నగరములో హాన్స్ స్టెక్ దీనిని వాడుతున్న వారిలోనూ అదే వణుకును, అదే బిగుతును గుర్తించాడు.

రెండు వేర్వేరు పదార్థములు ఒకే మేలును, ఒకే కీడును చేస్తున్నాయి. కనుక మెదడులో ఆ రెండూ ఒకే చోట తాకుతూ ఉండాలి.

కుందేళ్ళు లేచాయి

ఆ చోటును మొదట వెదికినవారు అమెరికాలో బెథెస్డా ప్రయోగశాలలోని బెర్నార్డ్ బ్రాడీ బృందము. 1955లో వారు రిసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ తరిగిపోతున్నదని చూపారు. ఒక మందుకూ మెదడులోని ఒక రసాయనమునకూ సంబంధమును చూపించిన తొలి పరిశోధనలలో ఇది ఒకటి. ఆ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసిన స్వీడన్ దేశస్థుడు ఆర్విడ్ కార్ల్‌సన్ స్వదేశము చేరుకొని, తరిగిపోయేది సెరటోనిన్ ఒక్కటేనా అని ప్రశ్నించుకొన్నాడు.

1957లో కార్ల్‌సన్, అతని సహచరులు కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చారు. అవి చెవులు వాల్చి, కదలిక లేక కూలబడిపోయాయి. అప్పుడు సెరటోనిన్‌గా మారే ముడిపదార్థమును ఇస్తే ప్రయోజనము కనిపించలేదు. డోపా అనే పదార్థమును సూదిమందుగా ఇచ్చారు. కొద్ది నిమిషములలో ఆ కుందేళ్ళు చెవులు నిక్కించి లేచి తిరిగాయి.

డోపా శరీరములో మొదట డోపమీన్‌గా, ఆ పిమ్మట నార్ అడ్రినలిన్‌గా మారుతుంది. అంతవరకు డోపమీన్‌ను మధ్యలో వచ్చే ఒక మజిలీగానే భావించేవారు. లేచిన కుందేళ్ళ మెదడులో నార్ అడ్రినలిన్ పెరగలేదు, పెరిగినది డోపమీన్. 1959లో స్వీడన్ పరిశోధకులు మెదడులోని డోపమీన్ అత్యధికముగా స్ట్రయేటమ్ అనే లోపలి భాగములో ఉన్నదని కనుగొన్నారు. అది శరీర చలనములను క్రమపరచే భాగము. మందు వేసుకున్నవారికి చేతులు ఎందుకు వణుకుతున్నాయో దానితో స్పష్టమైంది.

అందరూ వెంటనే నమ్మలేదు. 1960లో లండన్‌లో జరిగిన సదస్సులో పేరుమోసిన శాస్త్రజ్ఞులు సందేహములు వెలిబుచ్చారు. అదే ఏడు వియన్నాలో హెర్బర్ట్ ఎరింగర్, ఒలే హోర్నికీవిచ్ పార్కిన్సన్ వ్యాధితో మరణించిన వారి మెదడులను పరీక్షించి, స్ట్రయేటములో డోపమీన్ బాగా క్షీణించిందని చూపారు. 1961లో వాల్టర్ బిర్క్‌మేయర్‌తో కలిసి హోర్నికీవిచ్ లీవోడోపాను రోగులకు సిరల ద్వారా ఇవ్వగా, మంచము పట్టిన వారు కొంతసేపు లేచి నడిచారు. 1967లో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదులను మెల్లగా పెంచుతూ ఇచ్చి దానిని నిత్య చికిత్సగా మార్చాడు.

ఒక మానసిక ఔషధపు దుష్ఫలితమును అర్థము చేసుకోబోయి, మరొక వ్యాధికి చికిత్సను కనుగొన్నారు. ఈనాడు మీ వీధిలో ఎవరైనా పెద్దవారు కంపవాతమునకు లీవోడోపా మాత్రలు వేసుకొని నడవగలుగుతున్నారంటే దానికి మూలము ఇక్కడ ఉన్నది. ఈ లీవోడోపాను 1937లోనే మదరాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. దాని విలువ తెలియడానికి మాత్రము ఆ కుందేళ్ళు లేచేవరకు ఆగవలసి వచ్చింది.

తాళము, తాళపుచెవి

రిసర్పిన్ పనిచేసే విధము తేలింది. నాడీకణముల చివర చిన్న తిత్తులు ఉంటాయి. వాటిలో డోపమీన్ వంటి సందేశవాహకములు నిలువ ఉంటాయి. రిసర్పిన్ ఆ తిత్తులలోకి సరకు చేరకుండా అడ్డుపడి వాటిని ఖాళీ చేస్తుంది. కాని క్లోర్‌ప్రోమజీన్ ఇచ్చిన జంతువులలో డోపమీన్ తగ్గలేదు. మరి వణుకు ఎందుకు?

1963లో కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ దీనికి జవాబు చెప్పారు. క్లోర్‌ప్రోమజీన్, హాలోపెరిడాల్ ఇచ్చినపుడు డోపమీన్ వంటి సందేశవాహకములు విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థములు పెరుగుతున్నాయి. అంటే సందేశము పంపే కణము మామూలు కంటె ఎక్కువగా కేకలు వేస్తున్నది. అవతలి కణమునకు వినబడకపోవడమే దానికి కారణము. సందేశమును అందుకొనే గ్రాహకములను ఈ మందు మూసివేస్తున్నదని వారు ఊహించారు. 1970వ దశకము మధ్యలో టొరంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోరులో సాలమన్ స్నైడర్ బృందములు దీనిని నిరూపించాయి. ఏ మందు డోపమీన్ గ్రాహకములకు ఎంత గట్టిగా అతుక్కుంటుందో, అది అంత చిన్న మోతాదులో ఉన్మాదమును అదుపు చేస్తున్నది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీ ఒంట్లో కలిగే ఒక్కొక్క ఇబ్బందికి మెదడులో ఒక చిరునామా ఉన్నది. 1964లో స్వీడన్‌లో అన్నికా డాల్‌స్ట్రోమ్, షెల్ ఫుక్సే డోపమీన్ ఉన్న కణములను సూక్ష్మదర్శినిలో పచ్చగా మెరిసేటట్లు చేసి, వాటి దారులను గుర్తించారు. ఒక దారి స్ట్రయేటమునకు పోతుంది. అది మూతపడితే వణుకు, బిగుతు కలుగుతాయి. మరొక దారి భావోద్వేగములకు సంబంధించిన భాగములకు పోతుంది. మందు చేసే మేలు ఎక్కువగా అక్కడ జరుగుతుంది. ఇంకొక చిన్న దారి పీనస గ్రంథి వైపు పోయి ప్రొలాక్టిన్ అనే హార్మోనును అదుపులో ఉంచుతుంది. అది మూతపడితే స్త్రీలలో నెలసరి ఆగిపోవచ్చు, బిడ్డ లేకుండానే పాలు రావచ్చు. గర్భము అనుకొని కంగారుపడి, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోని స్త్రీలను నేను చూశాను.

ఈ మందులు డోపమీన్ గ్రాహకములనే కాక ఇతర గ్రాహకములను కూడా తాకుతాయి. హిస్టమిన్ గ్రాహకములను మూస్తే నిద్రమత్తు, ఆకలి, బరువు పెరుగుతాయి. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకములను మూస్తే నోరు ఎండిపోవడము, మలబద్ధకము, చూపు మసకబారడము కలుగుతాయి. రక్తనాళములపై ఉండే ఆల్ఫా గ్రాహకములను మూస్తే పడుకొని లేచినపుడు కళ్ళు తిరుగుతాయి. ఒకే తాళపుచెవి ఇంటిలోని అన్ని గదులలోనూ తిరుగుతున్నదన్నమాట.

వణుకు లేనిదే మేలు లేదా?

జర్మనీ వైద్యుడు హాన్స్ యోఆఖిమ్ హాజె రోగుల చేతివ్రాతను పరిశీలించేవాడు. అక్షరములు చిన్నవవుతున్నాయంటే మందు పనిచేయడానికి తగిన మోతాదు చేరినట్లేననీ, అంతకు మించి పెంచి లాభము లేదనీ అతని మతము. అతను చెప్పిన రెండవ సగమును వైద్యలోకము చాలాకాలము మరచిపోయింది. వణుకు తప్పదనే భావనతో పెద్ద మోతాదులు ఇచ్చినవారు ఎందరో ఉన్నారు.

1980వ దశకము చివర స్టాక్‌హోమ్‌లో లార్స్ ఫార్డె పెట్ స్కానుల సాయముతో, జీవించి ఉన్న రోగుల మెదడులో ఎన్ని గ్రాహకములు మూతపడ్డాయో కొలిచాడు. ఆ తరువాతి పరిశోధనలతో కలిపి తేలినది ఇది. డోపమీన్ గ్రాహకములు సుమారు 65 శాతము మూతపడితే చాలామందిలో మందు పనిచేస్తుంది. 80 శాతము దరిదాపులకు వస్తే వణుకు, బిగుతు, అకతీసియా మొదలవుతాయి. ఆ రెండిటి మధ్య ఉన్న ఇరుకు సందులో నడవడమే చికిత్స. నేను ఆ యువకునికి మోతాదు పెంచినపుడు మేలు పెరిగే అవకాశము లేదు, బాధకు మాత్రమే చోటు మిగిలి ఉన్నది.

క్లోజపీన్ అనే మందు మరొక పాఠము నేర్పింది. దీనితో వణుకు చాలా అరుదు, మేలు మాత్రము గొప్పది. కాని 1975లో ఫిన్లండులో దీనిని వాడినవారిలో కొందరికి తెల్ల రక్తకణములు పడిపోయి మరణములు సంభవించాయి. పలు దేశములలో దానిని ఆపివేశారు. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందము, ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియా రోగులలో ఇది మెరుగుగా పనిచేస్తుందని చూపాక, క్రమము తప్పని రక్తపరీక్షల షరతుతో అది తిరిగి వచ్చింది. వణుకు లేకుండానే మేలు కలుగవచ్చునని, డోపమీన్ ఒక్కటే మొత్తము కథ కాదని దీనితో తెలిసింది. మెదడును గురించి మనము నేర్చుకొన్నది ఇంకా అసంపూర్ణమే.

వినని కాలము

ఈ చరిత్రలో విచారించవలసిన అధ్యాయము కూడా ఉన్నది. 1957లో జర్మనీలో షోనెకర్ అనే వైద్యుడు, ఈ మందులు వాడుతున్న కొందరు వృద్ధులలో పెదవులు, నాలుక వాటంతట అవే కదులుతున్నాయని వ్రాశాడు. 1964లో డెన్మార్కులో ఫౌర్బీ బృందము దానికి టార్డివ్ డిస్కైనీసియా అని పేరు పెట్టింది. నెలలు, సంవత్సరముల వాడకము తరువాత వచ్చి, మందు ఆపినా కొందరిలో మిగిలిపోయే అవాంఛిత చలనములు ఇవి. మూతపడిన గ్రాహకములు కాలక్రమమున మరింత సున్నితమవుతాయన్నది దీనికి చెప్పే కారణములలో ఒకటి. చాలా ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి దీనిని వ్యాధిలో భాగముగానే భావించారు. రోగి నోరు కదుపుతూ ఉంటే పిచ్చివాని చేష్ట అనుకొన్నారు. రోగి మాటను నమ్మకపోవడము వలన జరిగిన నష్టము అది.

దీనికి కొంత పరిష్కారము పాత దారిలోనే దొరికింది. 1950వ దశకములో రిసర్పిన్‌ను పోలిన సరళమైన పదార్థముల కోసము వెదుకుతూ టెట్రాబెనజీన్‌ను తయారుచేశారు. అదీ నాడీకణముల తిత్తులలోకి డోపమీన్ చేరకుండా అడ్డుకొంటుంది. దాని సంతతి అయిన డ్యూటెట్రాబెనజీన్, వాల్బెనజీన్‌లను 2017లో అమెరికాలో టార్డివ్ డిస్కైనీసియాకు ఆమోదించారు. సర్పగంధి చూపిన కిటుకే, ఆ తరువాత వచ్చిన మందుల దుష్ఫలితమునకు చికిత్స అయింది.

మీరు చేయవలసినవి

మందును మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు, నిద్ర పట్టకపోవడము, వికారము వంటి బాధలు కూడా కలుగవచ్చు. ఇబ్బందిని ఓర్చుకొని దాచవద్దు కూడా. మోతాదు తగ్గించడము, మందు మార్చడము, వేసుకొనే వేళ మార్చడము, తోడు మందు ఇవ్వడము ఇవన్నీ మీ వైద్యుని చేతిలో ఉన్నాయి. మీరు చెప్పనిదే ఆయనకు తెలియదు.

చెప్పేటపుడు వివరముగా చెప్పండి. మందు మొదలుపెట్టినది లేక పెంచినది ఏ రోజు, ఇబ్బంది మొదలైనది ఏ రోజు, రోజులో ఏ వేళ ఎక్కువ అన్నవి ఒక కాగితము మీద వ్రాసి తీసుకువెళ్ళండి. బరువు, నడుము కొలత, రక్తములో చక్కెర అప్పుడప్పుడు చూపించుకోండి. పెదవులు, నాలుక వాటంతట అవి కదులుతున్నట్లు ఇంటివారు గమనిస్తే ఆలస్యము చేయకుండా తెలియజేయండి.

మందు మొదలుపెట్టిన తొలి రోజులలో మెడ ఒక పక్కకు తిరిగిపోవడము, కళ్ళు పైకి నిలిచిపోవడము, దవడ బిగుసుకుపోవడము జరిగితే గాలి సోకిందని తాయెత్తుల కోసము తిరగవద్దు. అది కండరముల ఈడ్పు. ఆసుపత్రికి తీసుకువెళితే సూదిమందుతో సాధారణముగా నిమిషములలో సర్దుకుంటుంది. తీవ్రమైన జ్వరము, కండరముల బిగుతు, అయోమయము కలిసి వస్తే అది ప్రాణాపాయ స్థితి, వెంటనే అత్యవసర విభాగమునకు చేర్చాలి. క్లోజపీన్ వాడేవారికి జ్వరము, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్తపరీక్ష జరగాలి. మూలికలే కదా అని సర్పగంధి, దూలగొండి చూర్ణములను ఈ మందులతో కలిపి సొంతముగా వాడవద్దు. అవి ఎంత బలమైన ఔషధములో మీరు పైన చదివారు.

ఇంటిలో ఎవరైనా మందు వేసుకున్నాక అదే పనిగా నడుస్తూ ఉంటే, కోప్పడక ముందు నేను ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నను మీరు అడగండి. “నీకు నడవాలని ఉందా, నడవక తప్పడం లేదా?” వారు చెప్పిన జవాబును ఉన్నది ఉన్నట్లు వ్రాసుకొని వైద్యునికి వినిపించండి.